కుండ లోపలి పొర

పరీక్ష చూడటానికి బుధవారం వచ్చే పెద్దలు కుండ లోపలికి టార్చి వేసి చూస్తారని సోమవారం పొద్దున పొడి సారు చెప్పగానే బాబాయ్ కుండ మూత వంక చూశాడు.

"లోపల అద్దంలా ఉంటుందిగా బాబాయ్. ఎలాగూ నువ్వు ప్రతిసారీ తోముతావు, సంతకం పెడతావు. నాకా బెంగ లేదు," అన్నాడు పొడి సారు, చేతిలో కాగితాలు సర్దుకుంటూ.

"ఉంటుంది సార్," అన్నాడు బాబాయ్.

ఆయన వెళ్ళిపోయాక బాబాయ్ కాసేపు కుండ పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాడు. కుండంటే వంటింటి కుండ కాదు. బెత్తెడు మందం ఉక్కు గోడ, పన్నెండు బోల్టుల మూత, చెయ్యి మోచెయ్యి దాకా లోపలికి పెట్టగలిగేంత మూతి. అందులో అరకిలో బొగ్గుపొడి, చిక్కటి నూనె, పదిహేను గ్రాముల ఎర్ర పొడి వేసి, మూత బిగించి, హైడ్రోజన్ నింపి, నాలుగు వందల నలభై డిగ్రీల దాకా కాలుస్తారు. సాయంత్రానికి బొగ్గు తన బొగ్గుతనం వదిలేసి నూనెగా మారుతుంది. ఆ నూనెని మరిగించి విడదీస్తే రంగులకీ, మందులకీ, నేల తుడిచే ఫినాయిలుకీ కావలసిన సరుకంతా వస్తుంది. వందపాళ్ళ బొగ్గులో డెబ్బై పాళ్ళు ఇలా దారికొస్తుందని, అది తన ఎర్ర పొడి చలవేనని పొడి సారు తొమ్మిదేళ్ళుగా నిరూపిస్తూ వస్తున్నాడు. అందుకే ఆయనకి ఆ పేరు. కుండ మూత తీసేదీ వేసేదీ బాబాయ్ గనక, వయసులో పెద్దవాడు గనక, అందరికీ ఆయన బాబాయ్.

కుండ లోపల మాత్రం అద్దంలా లేదు. కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది. ఇరవయ్యేళ్ళ కిందట ఈ పని నేర్పిన పెద్ద మేస్త్రి మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది. "కుండని తుడు, తోమకు. పెనం మీద నల్లటి పొర ఉంటేనే రొట్టె అంటుకోకుండా లేస్తుంది. దీనికీ అంతే." కాగితం మీద రూలు వేరు. ప్రతి రన్, అంటే ప్రతి వంట తర్వాత 'లోపలి గోడ మెరిసేదాకా తోమబడినది' అని రిజిస్టర్లో అచ్చేసిన గడి ఉంటుంది, దాని కింద సంతకం చెయ్యాలి. పెద్ద మేస్త్రి గుడ్డని ద్రావకంలో ముంచి నాలుగు తిప్పులు తిప్పి సంతకం పెట్టేవాడు. ఆయన తర్వాత బాబాయ్ కూడా అదే చేశాడు. ఇందులో అబద్ధం చెబుతున్నామని ఇద్దరికీ ఎప్పుడూ అనిపించలేదు. పని తెలిసినవాడు చేసేది ఒకటి, పని తెలియనివాడు అచ్చు వేయించేది ఒకటి, అంతే అనుకున్నారు.

ఇప్పుడు టార్చి అనేసరికి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవలసి వచ్చింది.

సోమవారం, మంగళవారం రెండు రోజులూ తోమాడు. ముందు సోడా నీళ్ళు పోసి వేడి చేశాడు. తర్వాత వైరు బ్రష్షు. దానికి లొంగకపోతే ఎమరీ కాగితం చేతికి చుట్టుకుని, చెయ్యి మోచెయ్యి దాకా లోపల పెట్టి, గోడ చుట్టూ తిప్పాడు. పొర బెరడులా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఊడిన నల్లటి మురికిని బకెట్టులో కడిగి మోరీలో పోశాడు. మంగళవారం మధ్యాహ్నానికి అడుగున తన మొహం కనబడింది, నుదురు వెడల్పుగా, చుబుకం లేకుండా. భుజం పీకుతున్నా మనసు కుదుటపడింది.

కుండలో తిరిగే రెక్క ఒకటుంటుంది. బొగ్గూ నూనే అడుగంటకుండా కలుపుతూ ఉంటుంది. దాన్ని కూడా తోమి, తుడిచి, గాజు గదికి తీసుకెళ్ళాడు. గాజు గది తూకం అమ్మాయిది. చిన్న త్రాసు, దానికో గాజు పెట్టె, పెట్టెకో తలుపు. గదిలో ఫ్యాను వెయ్యనివ్వదు. మాట్లాడేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకుంటుంది, ఊపిరికి పొడి ఎగురుతుందని. పన్నెండేళ్ళుగా ఇదే పని.

"తుమ్మొస్తే ఏం చేస్తావ్ అమ్మాయ్?" అని బాబాయ్ ఎప్పుడూ అడిగే ప్రశ్న.

"బయటికెళ్ళి తుమ్మొస్తా బాబాయ్," అని ఆమె ఎప్పుడూ చెప్పే జవాబు.

ఆ రోజు ఆ మాటలేమీ లేవు. రెక్కని పళ్ళెంలో పెట్టి, తలుపు మూసి, అంకెలు నిలబడేదాకా ఆగింది. చూసింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ చూసింది. తలెత్తి బాబాయ్ చేతుల వంక చూసింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచి ఎర్రగా ఉంది.

"బాగా తోమినట్టున్నారు," అంది.

"పెద్దవాళ్ళొస్తున్నారుగా."

ఆమె నీలం అట్ట పుస్తకంలో ఏదో రాసుకుంది. ఎప్పుడో వేడి గరిటె తగిలి ఆ అట్ట మూల కాలిపోయి ఉంది.

*

బుధవారం వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ ఒకరు టార్చి పట్టుకుని కుండలోకి వంగి చూసింది. "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ," అంది. ఇరవయ్యేళ్ళలో బాబాయ్‌ని అందరి ముందూ మెచ్చుకోవడం అదే మొదటిసారి. పొడి సారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తోమి తోమి వాచిన భుజమే అది.

తూకం అమ్మాయి పొడిని చిన్న సీసాలో తెచ్చి ఇచ్చింది. పదిహేను గ్రాములు, మిల్లీగ్రాము అటూ ఇటూ కాకుండా. బాబాయ్ బొగ్గుపొడి వేశాడు, నూనె పోశాడు, ఎర్ర పొడి చల్లాడు. మూత పెట్టి బోల్టులు బిగించాడు. ఒక బోల్టు, దానికి ఎదురు బోల్టు, మళ్ళీ పక్కది, దానికి ఎదురుది. పెద్ద పానా చివరి తిప్పులో టక్కుమంటుంది, ఆ చప్పుడు వినబడితేనే వదిలాడు. హైడ్రోజన్ నింపి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి, బుడగ రావడం లేదని మూడుసార్లు చూసుకున్నాడు. తర్వాత మందపాటి గోడ ఇవతలకి వచ్చి వేడి ఎక్కించాడు.

పెద్దలు ఎదురుగా కుర్చీల్లో కూర్చుని టీ తాగారు. పొడి సారు వాళ్ళకి బొమ్మలు గీసి చెబుతున్నాడు. ఈ రన్ సరిగ్గా వస్తే పక్కన పెద్ద షెడ్డు, పెద్ద కుండ, రోజుకి టన్ను బొగ్గు. రాకపోతే ఏమిటన్నది ఎవరూ మాట్లాడలేదు.

ప్రెషర్ ముల్లు వేడితోపాటు ఎక్కుతూ వచ్చింది. ఎప్పుడూ నాలుగు వందలు దాటాక ఆ ముల్లు ఒకచోట ఆగుతుంది. ఆగి, నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెడుతుంది. అంటే బొగ్గు హైడ్రోజన్ తాగుతోందన్నమాట. బాబాయ్‌కి ఆ దిగడం చూడటం ఇష్టం. చంటిపిల్ల పాలు తాగుతుంటే సీసాలో మట్టం దిగినట్టు దిగుతుంది.

ఇవాళ నాలుగు వందలు దాటింది. నాలుగు వందల ఇరవై. ముల్లు ఆగింది, కాని దిగలేదు. నాలుగు వందల నలభై. పావుగంట, అరగంట. ఒక గీత దిగి అక్కడే బిగుసుకుపోయింది.

బాబాయ్ గాజు మీద వేలితో కొట్టాడు. ముల్లు కదల్లేదు. అప్పుడాయనకి తను మోరీలో పోసిన నల్లటి నీళ్ళు గుర్తుకొచ్చాయి.  వెనక పొడి సారు నవ్వుతూ ఏదో చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రం మూత తీస్తే, నూనె సంగతి తర్వాత, సగం బొగ్గు గట్టిపడి అడుగున మాడిన గంజిలా కూర్చుని ఉంది. గురువారం లెక్క తేలింది. వందకి నలభై ఒకటి.

*

గురువారం మధ్యాహ్నం పొడి సారు గదిలో తలుపు వేసుకుని ఏం మాట్లాడుకున్నారో బాబాయ్‌కి తెలియదు. బయటికొచ్చిన కాగితం మాత్రం అందరికీ తెలిసింది. వేడి సరిగ్గానే ఉంది, యంత్రం పెన్ను గీసిన గీత సాక్ష్యం. ప్రెషర్ సరిగ్గానే ఉంది, దానికీ గీత ఉంది. మనిషి చేతి మీద ఆధారపడింది ఒకటే, పొడి తూకం. పైగా త్రాసు సరిగ్గా ఉందని పరీక్షించి ఏడాదికోసారి వెయ్యాల్సిన ముద్ర గడువు నాలుగు రోజుల కిందటే దాటిపోయింది. ముద్ర వేసేవాడు రాకపోతే అమ్మాయి ఏం చేస్తుంది? రెండుసార్లు ఉత్తరం రాసింది, రాసినట్టు నకలు కూడా ఉంది. కాని కారణం కావలసినవాళ్ళకి కారణం దొరికింది. 'తూకంలో లోపం వల్ల' అని రాశారు. మళ్ళీ పరీక్షకి నెల గడువిచ్చారు.

ఆ మూడు మాటలు ఆమె ఉద్యోగపు ఫైలులోకి వెళ్ళాయి. ఒకసారి వెళ్ళాయంటే ఇంక ఏ లాబరేటరీలోనూ ఆమెని త్రాసు దగ్గర కూర్చోనివ్వరు. ఆమెకి వచ్చిందీ, ఆమె కోరుకున్నదీ ఆ త్రాసు ఒక్కటే. శుక్రవారం నుంచి గేటు దగ్గర బొగ్గు లారీల కాటాకి మార్చారు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అలా ఉంది వ్యవహారం. పిచ్చుక కూడా కిచకిచమంటుంది. ఆమె అదీ అనలేదు. శుక్రవారం పొద్దున గాజు గదిలో సామానంతా బల్ల మీద వరసగా పేర్చి అప్పగించింది. పట్టకార్లు, గరిటెలు, సీసాలు, పుస్తకం. ఒంటె వెంట్రుకల చిన్న బ్రష్షు ఒక్కటి చేతిలోకి తీసుకుని, "ఇది నేను కొనుక్కున్నది," అంది.

"తీసుకో, తీసుకో," అన్నాడు పొడి సారు ఆమె వంక చూడకుండా.

బాబాయ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. పన్నెండు బోల్టులు బిగించినట్టు నోరు తెరుచుకోలేదు. ఆమె ఆయన్ని దాటుకుంటూ వెళుతూ, "భుజానికి కాపడం పెట్టుకున్నారా?" అని అడిగింది. ఆ మాటకి ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ మొదటి నుంచి చివరి దాకా విన్నది.

"అయితే తప్పు మీదన్నమాట."

"తప్పంటే… తోమడం రూలే. తోమకపోవడమే తప్పు. తప్పు చేసినన్నాళ్ళూ బాగా వచ్చింది. రూలు ప్రకారం చేసిన రోజున పోయింది."

"అదంతా నాకు తెలీదు. ఆ పిల్ల చెయ్యని దానికి ఆ పిల్ల మీద పడిందా లేదా?"

"పడింది."

"మరి చెప్పరేం?"

"చెబితే ఇరవయ్యేళ్ళ సంతకాలూ దొంగ సంతకాలంటారు. రిటైరవడానికి ఇంకో పద్నాలుగు నెలలుంది నాకు. గెంటేస్తారు."

ఆవిడ ఒక చొక్కా మడత పెట్టడం పూర్తి చేసింది. "గెంటేస్తే గెంటేస్తారు. ఇంట్లో గిన్నెలున్నాయి, తోముదురుగాని. తోమడం బాగానే వచ్చిందిగా," అంది. ఇంకో చొక్కా అందుకుని, "ఆ పిల్లేమంది?" అని అడిగింది.

"ఏమనలేదు."

"ఎందుకనలేదు?"

 ఆ పిల్ల మెత్తన మనిషి, అందుకే అనుకున్నాడు బాబాయ్.

*

శనివారం పొద్దున పొడి సారు గదిలోకి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, అంతా చెప్పేశాడు. పెద్ద మేస్త్రి మాట, తుడిచిన గుడ్డ, పెట్టిన సంతకాలు. "మీరు రాకముందు ఈ కుండలో ఖరీదైన బూడిదరంగు పొడితో వండేవాళ్ళు సార్. ఏళ్ళ తరబడి వండారు. అది గోడకి పట్టేసింది. దాని మీద ఇంకా ఇంకా పట్టింది. నాకు చదువు లేదు గాని, ముల్లు చూశాను. బొగ్గుకి తాగడం నేర్పింది ఆ పొరే. నేను దాన్ని గీకేశాను. అమ్మాయి తూకం తప్పు కాదు సార్."

 పొడి సారు ముందు కాగితాల మీద ఒక పుస్తకం ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. వేళ్ళు మాత్రం అట్ట అంచుని తడుముతున్నాయి. రెండు రోజుల్లో మనిషి బాగా నలిగిపోయాడు, గడ్డం కూడా గీసుకోలేదు.

"ఏదీ ఆ పొర? చూపించు," అన్నాడు చివరికి.

"లేదుగా సార్. మోరీలో పోసేశాను."

"రిజిస్టర్లో ఏముంది?"

"మెరిసేదాకా తోమినట్టుంది."

"సంతకం ఎవరిది?"

"నాదే."

"అయితే బాబాయ్, అప్పుడు సంతకం పెట్టింది నిజమా, ఇప్పుడు నోటితో చెబుతున్నది నిజమా?"

"ఇదే నిజం సార్."

"నేను నమ్మాననుకో. నాతో ఆగుతుందా? తూకం తప్పితే ఒకరోజు పోతుంది, ఒక రన్ పోతుంది. నువ్వు చెప్పేది నిజమైతే నా పొడి ఉత్త ఎర్రమట్టి. తొమ్మిదేళ్ళు పోతాయి. పెద్ద షెడ్డు రాదు. ఉన్న చిన్న షెడ్డు కూడా మూసేస్తారు. ఇక్కడ పదకొండు మంది బతుకుతున్నారు, నీతో కలిపి." పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు. "వెళ్ళు. ఈ మాట నాతో అన్నావు, నేను విన్నాను. ఇంకెక్కడా అనకు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషైతే బాబాయ్ పోట్లాడేవాడు. ఈయన అలా లేడు. నాలుగో కాలు కళ్ళారా చూసినవాడిలా ఉన్నాడు. అదేమిటో బాబాయ్‌కి అప్పుడు అంతుపట్టలేదు. చేతులు కాలాయి, పట్టుకుందామంటే ఆకులు కూడా లేవనుకుంటూ బయటికొచ్చాడు.

మధ్యాహ్నం గేటు దగ్గరికి నడిచాడు. కాటా గది అంటే రోడ్డు పక్కన రేకుల గది. ముందు నేలలో పరిచిన ఇనప పలక. దాని మీదికి లారీ ఎక్కుతుంది, గది కిటికీ పైన ఎర్ర అంకెలు వెలుగుతాయి. ఇరవై కిలోలకి తక్కువైతే ఆ కాటాకి లెక్కలోకి రాదు. మిల్లీగ్రాముల మనిషి అక్కడ బొగ్గు దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని, చీటీల మీద టన్నులు రాస్తోంది. ఒంటె వెంట్రుకల బ్రష్షుతో చీటీల పుస్తకం మీది దుమ్ము దులుపుతోంది.

"రండి బాబాయ్. ఇక్కడ ఎన్ని తుమ్ములైనా తుమ్మొచ్చు," అంది.

ఆయన నవ్వలేకపోయాడు. నిలబడే చెప్పాడు. "అమ్మాయ్, ఆ తప్పు నాది. కుండ తోమేశాను. ఇన్నేళ్ళూ తోమలేదు, తోమినట్టు సంతకం పెట్టాను. బుధవారం ముల్లు ఆగినప్పుడే తెలిసింది నాకు. మూడు రోజులు నోరు మూసుకున్నాను."

లారీ ఒకటి పలక ఎక్కింది. ఆమె బరువు రాసి, చీటీ చింపి, డ్రైవరు చేత సంతకం పెట్టించి, లోపలికి పంపింది. అప్పుడు చెప్పింది.

"నాకు మంగళవారమే తెలుసు బాబాయ్."

ఆయనకి అర్థం కాలేదు.

"రెక్క తెచ్చిస్తారుగా ప్రతిసారీ. ఫారంలో దాని బరువు అచ్చేసే ఉంటుంది, నాలుగు వందల పన్నెండు గ్రాముల చిల్లర. నేను మాత్రం ప్రతిసారీ తూచి నా పుస్తకంలో రాసుకునేదాన్ని. ఊరికే, చెయ్యి ఊరుకోక. నెలనెలా పెరుగుతూ వచ్చింది. మొన్నటికి నాలుగు వందల ముప్ఫై ఒకటి. రెక్కకే అంత పట్టిందంటే గోడకెంత పట్టిందో. మంగళవారం మీరు తెచ్చినప్పుడు నాలుగు వందల పన్నెండుకి పడిపోయింది. రెండుసార్లు పెట్టి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? మీ చేతులు చూశాను. ఇన్నేళ్ళూ తోమలేదని అప్పుడు తెలిసింది. చెబితే సంతకాలు బయటికొస్తాయి. అయినా పొడి పొడిలాగే పనిచేస్తుందేమో, పొరతో పనేముంది అనుకున్నాను. నేను తూచిన పొడి మీద నాకంత నమ్మకం." కొంచెం నవ్వింది. "తొమ్మిదేళ్ళు ఎర్రమట్టి తూచానన్నమాట, మిల్లీగ్రాము పొల్లుపోకుండా."

బాబాయ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. మెత్తన అనుకున్న మనిషి తనకోసం నోరు కుట్టేసుకుంది. తను మాత్రం పద్నాలుగు నెలలు లెక్కపెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆ పుస్తకం ఇవ్వు అమ్మాయ్. సారుకి చూపిస్తాను. పెద్దావిడకి చూపిస్తాను. నా నోటిమాట నమ్మరు, నీ అంకెలు నమ్ముతారు."

"నా దగ్గరెక్కడుంది? అంకెలున్న కాగితం ఏదీ బయటికి తీసుకెళ్ళకూడదుగా. శుక్రవారం సామాను అప్పగించినప్పుడు, మీరు గుమ్మం దగ్గరికి రాకముందే, సారుకే ఇచ్చాను. రెక్క పేజీ కూడా తెరిచి చూపించాను. బాబాయ్ సంతకాల జోలికి వెళ్ళకండి సార్, నా తూకం తప్పలేదని మీ ఒక్కరికీ తెలిస్తే చాలు అన్నాను. చూస్తానన్నారు."

బాబాయ్‌కి పుస్తకం మీద ఆనిన సారు అరచెయ్యి కళ్ళ ముందు కదిలింది. దాని కింద నీలం అట్ట. వేళ్ళు తడుముతున్నది కాలిన మూలని.

*

సోమవారం పొడి సారు తనే కుండ దగ్గరికి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. జేబులోంచి చిన్న కాగితం తీసి ఇచ్చాడు. ఆయన చేతిరాతే గాని కింద పేరు లేదు, తేదీ లేదు. పాత సామాను గదిలో మిగిలిన బూడిదరంగు పొడితో రోజుకో వంట వండాలి. నెలంతా వండాలి. తర్వాత గుడ్డతో తుడవాలి, అంతే. తోమకూడదు.

బాబాయ్ రెండుసార్లు చదివాడు. తన మాట నిజమని ఒప్పుకున్న కాగితం లోకంలో అదొక్కటే.

"అయితే అమ్మాయి తూకం సరిగ్గానే ఉందనే కదా సార్."

"రిపోర్టు వెళ్ళిపోయింది బాబాయ్."

"ఇంకోటి రాయొచ్చుగా."

"ఏమని రాయను?"

  ఇద్దరూ కుండ వంక చూస్తూ నిలబడ్డారు. అడుగున ఇద్దరి మొహాలూ వంకరగా కనబడుతున్నాయి. పొడి సారు చెయ్యి చాచాడు, కాగితం తిరిగి ఇమ్మని. బాబాయ్ ఇచ్చేశాడు. ఇవ్వకుండా ఉండాల్సిందని ఆయన జేబులోకి వెళ్ళిపోయాక తోచింది.

"రిజిస్టర్లో ఎప్పటిలాగే రాయి," అన్నాడు పొడి సారు వెళుతూ.

ఆ సాయంత్రం మొదటి వంట దింపి, గుడ్డతో తుడిచి, బాబాయ్ రిజిస్టరు తెరిచాడు. 'లోపలి గోడ మెరిసేదాకా తోమబడినది.' ఆ అచ్చు మాటల మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 'తోమలేదు' అని రాశాడు. సంతకం పెట్టాడు. మంగళవారం కూడా అంతే. బుధవారం పొడి సారు రిజిస్టరు తిరగేస్తుంటే బాబాయ్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు, పీకేస్తే పీకేయనీ అని.

ఆయన కోప్పడలేదు. మూడు పేజీలు వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, మూసేశాడు.

"రాసుకో బాబాయ్," అన్నాడు అలిసిపోయినట్టు. "ఆ గడి ఎవరు చదువుతారు? తొమ్మిదేళ్ళు నేనే చదవలేదు."

శుక్రవారం ఐదో వంట అయ్యాక బాబాయ్ రెక్కని కుండలోంచి విప్పి, తుడిచి, పాత గుడ్డలో చుట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. గాజు గదికి తాళం వేసి ఉంది. కొత్త మనిషి ఇంకా రాలేదు. తాళం లేకపోయినా ఆయన కాళ్ళు గేటు వైపే వెళ్ళేవి.

గుడ్డ విప్పి చూపించాడు. మెరుస్తున్న ఉక్కు మీద అంచుల వెంబడి సన్నగా పొగచూరినట్టు ఉంది. తూకం అమ్మాయి ముక్కుకి కట్టిన గుడ్డ కిందికి లాక్కుని, రెక్కని రెండు చేతుల్లోకి తీసుకుని, వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది.

"పడుతోంది," అంది.

"ఎంతుంటుంది?"

ఆమె చేత్తో పైకీ కిందికీ ఆడించింది. పెదవి విరిచింది. "చేతికేం తెలుస్తుంది బాబాయ్? గ్రాములో పదో వంతు కూడా ఉండదు."

బయటికి వెళ్ళి రెక్కని ఇనప పలక నడిమధ్య పెట్టింది. లారీలు ఎక్కే ఆ పలక మీద అది ఎవరో పారేసుకున్న చెంచాలా ఉంది. గదిలోకి వచ్చి కిటికీ పైకి చూసింది. ఎర్ర అంకెలు కదల్లేదు. ఆమె అలవాటు ప్రకారం కాసేపాగింది, నిలబడనీ అన్నట్టు. ఊపిరి తగలకుండా మొహం కూడా పక్కకి తిప్పుకుంది.

"సున్నా," అంది.

పలక మీద పెట్టిన ప్రతిదానికీ చీటీ రాయాలని రూలు. ఆమె చీటీల పుస్తకం దులిపి, తేదీ వేసి, సరుకు దగ్గర 'రెక్క' అని, బరువు దగ్గర సున్నా అని గుండ్రంగా రాసింది. చింపి ఆయన ముందుకి జరిపింది.

"డ్రైవరు అన్నచోట పెట్టండి," అంది.

బాబాయ్ సంతకం పెట్టాడు. వెనక లారీవాడు హారను కొడుతుంటే, వెళ్ళి పలక మీద నుంచి రెక్క తీసుకున్నాడు.